వడ్డాణం పట్టేదాకా

ఎండుమిరపకాయలు ఆరబోసిన చాప మీద బోర్లా పడుకుని ఎక్సర్‌సైజు చేయడం ఎంత కష్టమో, ఫోన్ వీడియోలో నవ్వుతూ చెప్పే ఆ పిల్లకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆమె ఇంట్లో అత్త ఉన్నట్టు లేదు, ఉన్నా ఆ అత్తకు మిద్దె ఉన్నట్టు లేదు. సుగుణ కోసం మొగుడు ఆదినారాయణ ఆన్‌లైన్లో తెప్పించిన నీలం రంగు చాప, వచ్చిన రోజే అత్త అలివేలమ్మకు నచ్చింది. "మెత్తగుండాది. చుట్టి యాడన్నా పెట్టుకోవచ్చు" అని దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయి మిరపకాయలు పోసింది. సాయంత్రం కాయలెత్తి, చాప దులిపి కిందికి పంపుతుంది. దులపడమంటే ఒకసారి విదిలించడం. పొద్దున్నే సుగుణ దాని మీద మొహం ఆనించగానే కళ్ల వెంట నీళ్లు, ఆ వెనకే తుమ్ములు.

"ఏడవాకుమే, ఇంగో పది చేయి," అంటాడు ఆదినారాయణ మంచం మీద నుంచి.

"ఏడ్చలేదు మామా. మిరక్కాయ ఘాటు."

"ఏదో ఒగటి. లెక్క తప్పుతాండావు."

ఆదినారాయణకు జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి ఉంది. పెండ్లాం చేత ఎక్సర్‌సైజు చేయించేటప్పుడు అతను బొరుగుల ఉగ్గాని తట్ట పొట్ట మీద పెట్టుకుని తింటాడు. పట్టుకోవాల్సిన పని లేదు, తట్ట దానంతటదే నిలబడుతుంది. ఆ పొట్ట గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కడపలో హాస్టల్లో చదివే పిల్లలిద్దరూ సెలవులకు వచ్చినప్పుడు, వాళ్లు నవ్వుతారని, "మీ నాయన పొట్ట చూడండి" అంది సుగుణ ఒకసారి. "అంగట్లో కూచునే మనిషికి రొంత పొట్ట ఉంటేనే రైతు నమ్మేది," అన్నాడు ఆదినారాయణ. తమాషాకు అనలేదు. అతనిది నమ్మకం. ఆమెది కొవ్వు.

ఫోన్లో పిల్ల పొట్ట, నడుము, తొడలు, భుజాల వెనక భాగం, వీటన్నిటినీ కలిపి సమస్యాత్మక ప్రాంతాలు అంటుంది. కడప జిల్లాలో ఆ మాట వింటే జనానికి ఎన్నికలు గుర్తొస్తాయి, బయటి నుంచి దిగిన పోలీసులు గుర్తొస్తారు. ఆదినారాయణ కూడా ఆ ప్రకారమే అర్థం చేసుకున్నాడు. గట్టిగా ఉండాలి, సడలింపు ఇవ్వకూడదు, మొండి కొవ్వు మాటలతో వినదు. అందుకని పెండ్లాం రాత్రి అన్నం ఆపించాడు. వండడం మాత్రం ఆపించలేదు.

ఇంటి పని ఎక్సర్‌సైజు కిందికి రాదట. అదీ ఫోన్లోనే చెప్పారు. రాగి సంగటి కుండను రెండు కాళ్ల మధ్య అదిమిపెట్టి, తెడ్డుతో గడ్డ కట్టకుండా కెలుకుతున్నప్పుడు సుగుణ ఆ మాటే ఆలోచిస్తుంది. భుజాల వెనక భాగం కదులుతోంది. తొడలు బిగుసుకుంటున్నాయి. చెమట కారుతోంది. అయినా ఇది లెక్కలోకి రాదు, ఎందుకంటే చివర్లో సంగటి వస్తుంది. చివర్లో ఏమీ రాకుండా ఉంటేనే అది ఎక్సర్‌సైజు. మధ్యాహ్నం మొగుడికి క్యారియర్ తీసుకుని అంగడికి పోతే, అతను తిని లోపల యూరియా మూటల పక్కన నడుం వాలుస్తాడు. సాయంత్రం దాకా బిల్లులు రాసేది ఆమె, మందు డబ్బాలు అందించేది ఆమె. రైతులు వచ్చి, "అంగట్లో ఎవురూ లేరామ్మా?" అని ఆమెనే అడుగుతారు.

ఇదంతా వడ్డాణం వల్ల వచ్చింది.

ఆ ఇంటి వడ్డాణం పాతది. ఇప్పటి వాటిలా రేకు కాదు, బిళ్లలు ఒకదానికొకటి కలిపిన బరువైన వస్తువు. ముందు వైపు శీల పెట్టి బిగించాలి. కొత్త కోడలు గడప దాటేటప్పుడు పెద్ద కోడలు తన నడుముకున్న ఆ వడ్డాణాన్ని విప్పి, అందరూ చూస్తుండగా కొత్త కోడలి నడుముకు పెట్టాలి. పెట్టెలోంచి తీసి ఇస్తే చెల్లదు. నడుము మీది నుంచి నడుము మీదికే పోవాలి. పద్దెనిమిదేళ్ల కింద అలివేలమ్మ తన నడుము నుంచి విప్పి సుగుణకు పెట్టినప్పుడు లోపల రెండు వేళ్ల సందు మిగిలింది. "తిండి పెట్టల్యా ఏందిమ్మా మీయమ్మ?" అని ఆడవాళ్లంతా నవ్వారు. ఇప్పుడు మరిది అవినాష్ పెండ్లి కుదిరింది. పిల్ల స్వాతిది పులివెందుల. నిశ్చితార్థం మరుసటి రోజు వడ్డాణం బీరువాలోంచి తీసి పెట్టి చూస్తే, శీలకూ దాని బెజ్జానికీ మధ్య అరచెయ్యి పట్టేంత దూరం ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ప్రొద్దుటూరులో ఇస్తే రెండు బిళ్లలు కలిపిస్తారు గదత్తా," అంది సుగుణ.

అలివేలమ్మ చెవులు మూసుకుంది. "ఏం మాటమే అది! దానికి నిప్పు తగలగూడదు. మా అత్త నాకు చెప్పింది, వాళ్లత్త ఆయమ్మకు చెప్పింది. నిప్పు తగిలితే ఇంటికి మంచిది కాదు."

అంటే లెక్క సులువే. వడ్డాణం బంగారం, దాన్ని ముట్టకూడదు. నడుము మాంసమే కాబట్టి దాన్ని ఏమైనా చేసుకోవచ్చు. అలివేలమ్మ ఒక నూలు దారానికి పసుపు రాసి, వడ్డాణం లోపలి చుట్టుకొలత తీసి, అంత పొడవుకు తెంపి వంటింటి గోడకు మేకు కొట్టి వేలాడదీసింది. రోజూ స్నానం చేసి వచ్చాక ఆ దారం సుగుణ నడుము చుట్టూ తిప్పి చూడాలి. అట్లాంటి దారమే ఇంకొకటి తెంపి, పెండ్లి పెట్టుబడి చీరలతో పాటు పులివెందులకు పంపింది. కొత్త కోడలికీ పట్టాలి కదా.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఆదినారాయణ స్నేహితుడు శివ, జిమ్ పెట్టి మూసేసినవాడు, "పండుకోని తల పైకెత్తే ఎక్సర్‌సైజు చేయించన్నా, పొట్ట అద్దం మాదిరి అయితాది" అన్నాడు. అంగడికి వచ్చే ఒక పెద్దమనిషి వేడినీళ్లలో నిమ్మకాయ అన్నాడు. తొండూరు నుంచి ఫోన్ చేసిన చిన్నత్త అసలు కూర్చోకుండా ఉండమంది. సుగుణ ఎప్పుడు కూర్చుందో ఆమె చెప్పలేదు. అందరికీ ఆదినారాయణే జవాబిచ్చాడు, "చేయిస్తాండాం అప్పా, చేయిస్తాండాం" అని, మైలవరం కాలువకు పూడిక తీయిస్తున్నట్టు.

సుగుణ అద్దంలో చూసుకున్నప్పుడు ఏం కనిపించేదో ఎవరూ అడగలేదు. చేతులు సన్నబడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. జాకెట్లు వదులయ్యాయి. పొట్ట మాత్రం అట్లాగే ఉంది. అట్లాగే కాదు, మారింది. చాప మీద వెల్లకిలా పడుకుని తల పైకెత్తినప్పుడల్లా బొడ్డు కింద, పిల్లల కాన్పులకు కోసిన పాత గీత పక్కన, కోడిగుడ్డంత ఉబ్బు పైకి లేచేది. తల దించితే పోయేది. మొదట్లో ఆమెకు అది వింతగా, కొంచెం తమాషాగా కూడా అనిపించింది. తర్వాత నొప్పి వచ్చింది. నొప్పి మొదట ఎక్సర్‌సైజుకే వచ్చేది, తర్వాత సంగటి కుండ దించేటప్పుడు, తర్వాత తుమ్మినప్పుడు. మిరపకాయల చాప మీద తుమ్ములకు కొదువ లేదు.

"మామా, ఈడ ఏందో లేస్తాండాది. నొప్పి గూడా."

ఆదినారాయణ వేలితో ఒకసారి ఒత్తి చూశాడు, టైరులో గాలి చూసినట్టు. "కొవ్వు కరిగేటప్పుడు నొప్పి ఉంటాది. ఫోన్లో చెప్పినారు. నొప్పి ఉంటే పని జరుగుతాందని అర్థం."

"ఆస్పత్రికి పోదామా?"

"పెండ్లి పెట్టుకోని ఆస్పత్రి ఏంటికే? నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారు?"

నలుగురు ఏమనుకుంటారో సుగుణకు తెలియదు. ఆ నలుగురిలో ఎవరికీ ఇట్లా లేస్తుందో లేదో కూడా తెలియదు. ఆడవాళ్లు కలిసినప్పుడు కాళ్ల నొప్పులు చెప్పుకుంటారు, షుగరు చెప్పుకుంటారు. బొడ్డు కింద లేచే కోడిగుడ్డు గురించి ఎవరూ చెప్పుకోగా ఆమె వినలేదు. అలివేలమ్మనే అడుగుదామని రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ అత్త ముందు పొట్ట మాట ఎత్తితే దారం మేకు మీది నుంచి దిగుతుంది. అలివేలమ్మ గోచీ బిగించినట్టు నడుముకు ఎప్పుడూ ఒక పాత పంచె ముక్క చుట్టుకుని ఉంటుంది, నడుము నొప్పికి అంటుంది. దగ్గు వస్తే అరచెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకుని దగ్గుతుంది. అది ఆమె అలవాటు, కొందరు ఆవలిస్తే చిటికె వేసినట్టు.

పెండ్లి దగ్గరపడ్డాక ఒక శుక్రవారం వడ్డాణం పెట్టి చూశారు. నడుము పక్కల సన్నబడి దూరం తగ్గింది, బొటనవేలు పట్టేంత మిగిలింది. ఆదినారాయణ మొహం వెలిగింది. సుగుణను గోడకు చేతులు ఆనించి నిలబడమన్నాడు. శీల వెనక్కి వచ్చేట్టు వడ్డాణాన్ని తిప్పి, మోకాలు ఆమె నడుముకు పెట్టి, ధాన్యం మూటకు తాడు బిగించినట్టు రెండు కొసలూ పట్టి లాగాడు.

"గాలి ఇడువు. ఇడువుమే, గాలి ఇడువు."

"ఇడిసినా మామా."

"ఇంగా ఉండాది లోపల."

గాలి లేదు. లోపల వేరే ఏదో ఉంది, అది ముందుకు తోసుకొస్తోంది, బిళ్లల అంచు దాని మీద సరిగ్గా నొక్కుతోంది. కళ్లకు గోడ నల్లగా కనిపించింది. శీల బెజ్జానికి తగిలిన చప్పుడు, టిక్కుమని, ఆమెకు వినిపించింది. లోపలికి పోలేదు. ఆ క్షణంలో సుగుణకు భయం వేసింది చావు గురించి కాదు. అది పట్టేస్తుందేమోనని. ఈరోజు పడితే పెండ్లి రోజూ పట్టాలి, ఆ తర్వాత ఎప్పుడంటే అప్పుడు పట్టాలి.

"చాలు, ఇడ్సిపెట్రా!" అని అరిచింది అలివేలమ్మ. ఆమె అరవడం ఆ ఇంట్లో అరుదు. తల్లి మొహం పక్కకు తిప్పుకుని ఉండడం ఆదినారాయణ చూశాడు, బంగారానికి దెబ్బ తగులుతుందని అనుకున్నాడు. వదిలేశాడు. సుగుణ స్నానాల గదికి పోయి వాంతి చేసుకుంది. బయట అతను శివకు ఫోన్లో చెబుతున్నాడు, "అయిపోయింది అప్పా, ఇంగ బొటనేలు మందం! మన ఎక్సర్‌సైజు పని చేసింది. నువ్వు జిమ్ము మూయకుండా ఉండాల్సింది."

ఆ రెండో రోజు వడ్డాణానికి మెరుగు పెట్టించుకురమ్మని ఆమెను ప్రొద్దుటూరు పంపారు. ఆదినారాయణకు అంగడి ఉంది. వడ్డాణాన్ని చీర ముక్కలో చుట్టి, కూరగాయల సంచి అడుగున పెట్టి, పైన కరివేపాకు పరిచి ఇచ్చింది అలివేలమ్మ. "మెరుగు మాత్రమే. నిప్పు దగ్గరికి తీసుకపోనీయాకు. దగ్గరుండి చూసుకో."

బస్సులో ప్రతి గుంతకూ సుగుణ పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రొద్దుటూరులో దిగి, బంగారు అంగళ్ల వీధికి పోయే ఆటో ఎక్కింది. "యాడికమ్మా?" అన్నాడు ఆటో అతను. ఆమె నోటి నుంచి వీధి పేరు రావాలి. "ఆడోళ్ల డాక్టరు యాడుంటే ఆడికి" అని వచ్చింది. అది ఆమె నిర్ణయమో, పొట్టదో, ఇప్పటికీ చెప్పలేదు.

డాక్టరమ్మ పేరు ఖమ్రున్నీసా. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, సుగుణను పడుకోమంది. "దగ్గమ్మా."

దగ్గింది. చెయ్యి దానంతటదే పొట్టకు అడ్డం పోయింది.

"చెయ్యి తీసి దగ్గు. ఈ ఉబ్బు ఎప్పటినుంచి ఉండాది?"

"ఉబ్బు కాదు మేడం. కొవ్వు. మా ఇంటాయన చెప్పినాడు."

"మీ ఇంటాయన ఏం చదివినాడు?"

"ఎరువుల అంగడి, మేడం."

డాక్టరమ్మ నవ్వలేదు. స్కాన్ చేయించింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, అన్నం పెట్టేటప్పుడు మాట్లాడినంత మామూలుగా చెప్పింది. "కాన్పుకు కోసిన చోట లోపలి పొర విడిపోయిండాది. ఆ సందులోనుంచి పేగు తోసుకోని వస్తాంది. హెర్నియా అంటారు. పండుకోని తల పైకెత్తే ఎక్సర్‌సైజు చేసిన ప్రతిసారీ నువ్వే దాన్ని బయటికి నెట్టినావు. ఇంగ ఒక్కసారి గూడా చేయగూడదు. బరువులు ఎత్తగూడదు. నడుముకు ఏదీ బిగించగూడదు. ఆ ఉబ్బు లోపలికి పోకుండా, వాంతులు వస్తే మాత్రం నిమిషం ఆగాకు, వచ్చేయి. పేగు ఇరుక్కుంటే ప్రాణానికే వస్తాది."

"వాంతి అయింది మేడం. మొన్న."

డాక్టరమ్మ ఆమెను చూసింది. "ఏం చేస్తాంటే అయింది?"

వడ్డాణం సంగతి చెప్పడానికి సుగుణకు సిగ్గు వేసింది. చెప్పింది. గోడ, మోకాలు, గాలి, అంతా చెప్పింది. చెబుతుంటే అది తన కథలా లేదు, ఎవరో వీధిలో ఎద్దుకు చేసినట్టు ఉంది. డాక్టరమ్మ చీటీ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

"పెండ్లి అయినాక వచ్చి చేరు. కుట్లు వేయాల. తోడు ఒక మనిషిని తీసుకోని రా."

"మరి సన్నబడేది ఎట్ల మేడం?"

"కుట్లు మానినాక నేనే చెప్తా ఎక్సర్‌సైజు. సన్నబడేదానికి కాదమ్మా. నువ్వు దగ్గినా, నవ్వినా నొప్పి లేకుండా ఉండేదానికి."

ఎక్సర్‌సైజు అలాంటి వాటికి కూడా ఉంటుందని సుగుణ మొదటిసారి విన్నది.

బంగారం పని చేసే ఇమ్తియాజ్ అంగడిలో ఆమె తప్ప ఎవరూ లేరు. అతను వడ్డాణాన్ని దీపం కింద పరిచి, మెరుగుకు ముందు తడిగుడ్డతో తుడిచాడు. మురికి పోయాక, వెనక వైపు కొన్ని బిళ్లల మధ్య బంగారం కొంచెం వేరే రంగులో కనిపించింది. సుగుణ వంగి చూసింది. అతుకులు. కొసన ఒకటి, దాని పక్కన ఒకటి, అవతలి కొసన ఇంకొకటి. మూడూ మూడు రకాల పనితనం.

"ఇవేంది?"

"పెంచినారు గదమ్మా. ఒగో తూరి ఒగో బిళ్ల."

ఏ కాలంలోనూ నిప్పు తగలని బంగారం మూడుసార్లు నిప్పులోకి పోయి వచ్చింది. సుగుణ ఆ అతుకుల మీద వేలు పెట్టి కూర్చుంది. ఎవరో ఒక కోడలు, ఆమె తర్వాత ఇంకో కోడలు, సంచిలో చుట్టుకుని, చీరలు కొనాలనో జాకెట్లు కుట్టించుకోవాలనో చెప్పి, ఇక్కడికే వచ్చారు. ఇట్లాంటి బల్ల ముందే కూర్చున్నారు. ఇంటికి పోయి పెట్టుకుంటే పట్టింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత తమ కోడలికి ఇచ్చేటప్పుడు, దీనికి నిప్పు తగలగూడదు అని చెప్పారు. ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం ఎవరి మీద నిలబడాలో దానికి తెలియలేదు. ఒక్కొక్కరే, ఒక్కొక్క బిళ్లే. పాపం, అంతకంటే ఎక్కువ అడగడానికి కూడా వాళ్లకు ధైర్యం చాలలేదు.

"మెరుగు పెట్టమంటారా?" అన్నాడు ఇమ్తియాజ్.

సుగుణ తన ఎడమ చేతికున్న గాజు తీసి బల్ల మీద పెట్టింది. అది పుట్టింటిది, దాన్ని ఏమైనా చేసే హక్కు ఆమెకుంది. "దీన్ని కరిగించి, వెనకపక్క గొలుసు పెట్టు. కొక్కెం యాడంటే ఆడ తగిలించుకునేట్టు ఉండాల."

"ఎంత పెంచాలమ్మా?"

"కడుపు నిండా తిని, కాళ్లు చాపుకోని కూచోని, గట్టిగా నవ్వితే గూడా బిగియగూడదు."

కొలతలు ఎప్పుడూ వేళ్లల్లో, గురిగింజల్లో విన్న ఇమ్తియాజ్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, "అయితే శానానే పెట్టాల," అని పొయ్యి వెలిగించాడు. దగ్గరుండి చూసుకోమని అత్త చెప్పింది కాబట్టి సుగుణ దగ్గరుండి చూసింది. నిప్పు నీలంగా వచ్చింది. బాగుంది.

తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు పులివెందులకు ఫోన్ చేసింది. స్వాతి గొంతు నీరసంగా వచ్చింది.

"బాగుండావా పాపా?"

"బాగుండా అక్కా. మజ్జిగ మీద ఉండా. బావ పంపిచ్చిన వీడియోలు చేస్తాండా. దారం ఇంగా రొంత చాలల్యా." గొంతు తగ్గించింది. "అక్కా, నాది పుట్టుకతోనే పెద్ద నడుము. మా నాయనను కన్న జేజిది గూడా అంతే. పట్టకపోతే ఆడ అందరి ముందర ఏమంటారు?"

పెండ్లికి ముందే ఈ పిల్లకు ఆ ఇంటి నుంచి అందిన మొదటి వస్తువు ఒక దారం.

"పట్టుతాది. ఎంత నడుమైనా పట్టుతాది, నేను చూసి చెప్తాండా. ఆ దారంతో పూలు కట్టుకో. పోయి అన్నం తిను."

"నిజంగానా అక్కా?"

"పప్పు, నెయ్యి ఏసుకోని తిను."

ఇల్లు చేరేసరికి సందెపొద్దు. ఆదినారాయణ అంగడి కొంచెం ముందే మూసి వచ్చాడు, ఫోన్ చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అవినాష్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సుగుణ సంచిలోంచి వడ్డాణం తీసి నడుముకు తిప్పింది. శీల చప్పుడు లేకుండా బెజ్జంలోకి పోయింది.

"పట్టింది!" అని ఆదినారాయణ ఎగిరి గంతేసినంత పని చేశాడు. అతని పొట్ట కొంచెం ఆలస్యంగా ఎగిరింది. టకటకా ఫొటోలు తీశాడు. "చూసినావారా అవినాషూ, పట్టుదల అంటే ఇది! ఈ ఫొటో మన గ్రూపులో పెడతా. వీరపునాయునిపల్లె మామ కూతురు గూడా అడుగుతాంది ఏం చేయించినావని. స్వాతికి గూడా పంపి, ఇంగో రెండు ఎక్సర్‌సైజులు చెప్తా."

సుగుణ ఊరుకోవచ్చు. మూడు అతుకుల వెనకున్న ముగ్గురూ ఊరుకున్నారు. ఊరుకుంటే ఇల్లంతా సంతోషంగా ఉంటుంది, అతని ఫోన్‌కు మెచ్చుకోళ్లు వస్తాయి, ఆ గ్రూపులో ఉన్న ప్రతి ఇంట్లో ఒక ఆడమనిషి రేపు పొద్దున్నే చాప పరుస్తుంది.

"నేను తగ్గల్యా మామా," అంది. "అది పెరిగింది."

వెనక్కి తిరిగి, కొంగు తీసి గొలుసు చూపించింది. "నిప్పులో పెట్టించినా. నా గాజు కరిగించినా. ఇది కొవ్వు కాదు, పేగు. డాక్టరు చూసింది. పెండ్లి అయినాక కోత. ఇంగ నేను పండుకోని తలెత్తను."

ఆదినారాయణ ఫోన్ కిందికి దించాడు. మొహం ఎర్రబడింది. "నిప్పులో పెట్టించినావా? ఎవుర్ని అడిగి పెట్టించినావు? మాయమ్మ అంత చెప్పి పంపిస్తే... అమ్మా, చూసినావా? ఇంటికి ఏమన్నా అయితే ఎవురు..."

"అరవాకురా," అంది అలివేలమ్మ.

ఆమె దగ్గరికి వచ్చి, కోడలి నడుము చుట్టూ బిళ్లలను కొసదాకా వేళ్లతో తడుముతూ పోయింది, చీకట్లో స్విచ్చి వెతికినట్టు. ఒక చోట ఆగింది. "ఈడుండే అతుకు నాది. నీకు బారసాల చేసినప్పటిది. ఇంటికి ఏమీ కాల్యా. నువ్వు బాగనే పెరిగినావు."

అవినాష్ చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆదినారాయణ తల్లినీ, పెండ్లాన్నీ, ఫోన్లో ఉన్న ఫొటోనూ మార్చి మార్చి చూసి, అది గ్రూపులో పెట్టాలో వద్దో తెలియక కూర్చుండిపోయాడు.

అలివేలమ్మ సుగుణ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టింది. దెబ్బలు కాకపోయినా తిట్లు తప్పవని సుగుణ అనుకుంది. అలివేలమ్మ కోడలికి ఎదురుగా నిలబడి, చీర కుచ్చిళ్లు సడలించి, నడుముకు చుట్టుకున్న పాత పంచె ముక్కను ఒక్కొక్క చుట్టే విప్పింది. బొడ్డు పక్కన, చిన్న మామిడికాయంత, లేత రంగులో, ఒక ఉబ్బు.

"అవినాషు పుట్టినప్పటినుంచి ఉండాది," అంది. "ఎవురికీ చూపియ్యల్యా. నన్ను కట్టుకున్నోనికి గూడా. సుగుణా, నీ డాక్టరమ్మ దీన్ని గూడా చూస్తాదా?"

అదీ సంగతి. మర్నాడే అత్తాకోడళ్లు ఇద్దరూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి వచ్చారు. పెండ్లి అయ్యాక ఇద్దరికీ ఒకే రోజు కుట్లు వేయడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. తోడు మనిషి ఎవరు అని అడిగితే, అలివేలమ్మ సుగుణను చూపించింది, సుగుణ అలివేలమ్మను చూపించింది. స్వాతి వస్తానంది. కొత్త పెండ్లికూతురిని ఆస్పత్రికి ఎట్లా రమ్మంటారని అందరూ అంటే, "ఏం, ఆడ కూచోని అన్నం తినేదానికి అంత కష్టమా?" అంది ఆ పిల్ల. తింటున్నట్టే ఉంది. నీలం చాప ఇప్పుడు పూర్తిగా మిరపకాయలదే.

మిగిలింది ఒక్కటే. కుట్లు వేసి అవి మానేదాకా ఇద్దరూ బరువు ఎత్తకూడదు, వంగకూడదు, సంగటి కుండ జోలికి పోకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆదినారాయణ, "మరి సంగటి ఎవురు చేస్తారు?" అని ఇంట్లో తిరుగుతున్నాడు. మొదట పెండ్లాన్ని అడిగాడు. తర్వాత తల్లిని. ఇప్పుడు గోడల్ని అడుగుతున్నాడు. నిన్న ఎవరూ లేనప్పుడు వంటింట్లోకి పోయి, కుండ కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని, తెడ్డు చేతికి తీసుకున్నాడు. పొట్ట అడ్డం వచ్చి తెడ్డు కుండదాకా అందలేదు. సుగుణ గుమ్మంలో నిలబడి చూసింది, పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, నొప్పి పుట్టేదాకా నవ్వింది, కానీ ఎట్లా చేయాలో మాత్రం చెప్పలేదు.

కాబట్టి చదివే అమ్మల్లారా, అయ్యల్లారా, మీకు దండం పెడతాం. పొట్ట అడ్డమొచ్చే మగమనిషి కుండ దగ్గర ఎట్లా కూర్చోవాలి, తెడ్డు ఎట్లా పట్టాలి, గడ్డ కట్టకుండా ఎట్లా కెలకాలి, మీ ఇండ్లల్లో ఎవరైనా చేసి ఉంటే కొంచెం చెప్పండి. పెండ్లి దగ్గరికొచ్చేసింది, ఎక్కువ టైము లేదు. భుజాల వెనక భాగానికి మంచిదని చెబితే వింటాడా? లేక ఇంకేదైనా దారి ఉందా? ఏదైనా పరవాలేదు, తెలిసినంతలో చెప్పండి. ఒక్కటి మాత్రం వేడుకుంటున్నాం, ఆడవాళ్లకు ఎక్సర్‌సైజులు ఇంకేమీ పంపొద్దు.